‘ఫౌరన్’ చివర నూన్ ఎందుకు రాయరు?

ప్రశ్న: ఉర్దూ రాత నేర్చుకుంటున్నాను. ‘ఫౌరన్’ (వెంటనే) అని పలుకుతాం కదా, రాసేటప్పుడు మాత్రం చివర నూన్ (‘న’ అక్షరం) లేదు. అలిఫ్ (‘ఆ’ అక్షరం) పెట్టి రెండు చిన్న ఏటవాలు గీతలు గీస్తున్నారు. ఆ ‘న్’ ఎక్కడికి పోయింది?

జవాబు: అది అరబ్బీ విభక్తి ప్రత్యయం అండీ. అరబ్బీలో మూడే విభక్తులు. పుస్తకం కర్త అయితే కితాబున్, కర్మ అయితే కితాబన్, ‘యొక్క’ అనే అర్థంలో గానీ ‘ఫీ’ (లో), ‘మిన్’ (నుంచి) లాంటి మాటల తర్వాత గానీ కితాబిన్. చివరి ‘న్’ను తన్వీన్ అంటారు, మీరు చూసిన రెండు గీతలు దాని గుర్తే. ఫౌరన్, షుక్రన్ రెండూ ద్వితీయా రూపాలే.

అసలు కిటుకు ఒక్కటే: ఆ మాట దగ్గర ఆగితే ఎలా పలుకుతామో అలా రాయడం. ఆగినప్పుడు కితాబున్, కితాబిన్ రెండూ ‘కితాబ్’ అయిపోతాయి, కాబట్టి అదనంగా అక్షరం అక్కర్లేదు. కితాబన్ మాత్రం ‘కితాబా’ అవుతుంది. ఆ దీర్ఘమే మీరు చూసిన అలిఫ్. ముందు ‘అల్’ (ఇంగ్లిష్ ‘ది’ లాంటిది) చేరితే తన్వీనే ఉండదు, అలిఫూ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

నాకైతే మన ద్రుతం గుర్తొస్తుంది. పద్యాల్లో ‘చూచెన్’, ‘చూచె’ రెండూ ఉంటాయి. కాకపోతే మనం ‘న్’ పలికినచోటే రాస్తాం.

ప్రశ్న: మరి ‘ఆదతన్’ (అలవాటుగా)? అరబ్బీ నిఘంటువులో అలిఫ్ లేదు, ఉర్దూలో ఉంది.

జవాబు: మంచి పట్టు పట్టారు! అరబ్బీలో ఆ మాట చివర ఉన్నది గుండ్రటి తే, అంటే తా మర్బూతా. అక్కడ ఆగితే ‘ఆదహ్’ అంటారు, దీర్ఘం రాదు. అందుకే అలిఫ్ లేదు. ఉర్దూలో దాన్ని మామూలు తే చేసేశారు, కాబట్టి అలిఫ్ వచ్చి చేరింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అమ్ర్, ఉమర్ అనే పేర్లు రెంటికీ అవే మూడు అక్షరాలు: ఐన్, మీమ్, రే. తేడా తెలియడానికి అమ్ర్ చివర పలకని వావ్ ఒకటి రాస్తారు. ఉమర్‌కు తన్వీన్ రాదు, ద్వితీయలో ‘ఉమర’ అంతే. అమ్ర్ అయితే ‘అమ్రన్’ అవుతుంది, అలిఫ్ వస్తుంది. ఆ అలిఫే ఇద్దరినీ వేరుచేస్తోంది కాబట్టి అక్కడ వావ్ తీసేస్తారు.