“గంగ విడుము”లో ఆ విడు ఏ విడు?

తంగేడు: మరుగుదొడ్ల చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను, ‘ఫ్లష్’కు ఒక క్రియ కావాలి. పల్నాడులో నీళ్ళు దొరక్క, నీకు పార్వతి చాలు, గంగను విడువు అని శివుణ్ణి అడిగిన శ్రీనాథుడి చాటువు నాలుక మీద ఆడుతోంది. “తిరిపెమునకు నిద్దరాండ్ర”... ఆ తర్వాత “పరమేశా గంగ విడుము”. విడుమేనా, వదలా?

గురులఘువు: ముందు ఆ ‘నకు ని’ తీసేయండి. “తిరిపెమున కిద్దరాండ్రా”. మీ పాఠంలో మూడో గణం ‘ద్దరాండ్ర’ జగణం (లఘువు, గురువు, లఘువు). కందంలో బేసిగణం జగణం కాకూడదు. నాలుగో పాదంలో మాత్రం ‘గ విడుము’, ‘గ వదలు’, ‘గను విడు’ మూడూ నలమే, అంటే నాలుగు లఘువులే. అక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు.

నాపరాయి: అర్థం చెబుతుందిగా. అది సవతిని వదిలించుకొమ్మనే విడుము. నీళ్ళ విషయంలో కాలువకు వదిలారంటాం గానీ విడిచారు అనం.

గురులఘువు: మరి ‘విడుదల’ ఎక్కణ్ణించి వచ్చిందండీ? సాగర్ కుడికాలువకు నీటి విడుదల అని పేపర్లో చదివే పల్నాటివాళ్ళే ఇలా అంటే ఎలా! ఇల్లాలిని విడువు, నీటిని విడువు. ఆ రెండూ పలక్కపోతే పద్యంలో మిగిలేదేముంది?

తూముకాడ: ఫ్లష్‌కు ఏ క్రియ అన్నది తొట్టిని బట్టి ఉంటుంది. పాత ఇంగ్లిష్ సైఫన్ తొట్టిలో గొలుసు లాగితే లోపలి పళ్ళెం పైకి లేచి కొంత నీటిని వంపు మీదుగా నెడుతుంది. వంపు దాటిన నీరు మిగతాదాన్ని తనే లాక్కుపోతుంది. అడుగున తెరుచుకునే కవాటమే లేదు కాబట్టి కారదు. అందుకే బ్రిటన్‌లో 2001 దాకా కవాటపు తొట్లను ఒప్పుకోలేదు. ఇప్పటి మన తొట్లలో అడుగున కవాటం, దానికి రబ్బరు వాషర్. అది గట్టిపడినా, దాని కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా రాత్రంతా కారుతుంది. తొట్టిలో కాస్త రంగు కలిపి పావుగంట ఫ్లష్ చెయ్యకండి. పాన్‌లో రంగు కనబడితే వాషర్ పోయినట్టే. కవాటానికి ‘విడు’ సరే, సైఫన్‌కు ‘లాగు’ అనాలి.

నాపరాయి: చరిత్ర అన్నారు గనక, ఫ్లష్ మరుగుదొడ్డిని థామస్ క్రాపర్ కనిపెట్టాడని మాత్రం రాయకండి. వాసన ఆపే వంపు గొట్టం పేటెంటు అలెగ్జాండర్ కమింగ్‌ది, 1775. క్రాపర్ పుట్టిందే 1836లో.

చెంబునీళ్ళు: మీట, గొలుసు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయి? ‘నీళ్ళు కొట్టు’ అనే మాటుందిగా. ‘పొయ్యి’ కాదు, ‘కొట్టు’. తేడా పనిలోనే ఉంది. రెండు గుంతల మరుగుదొడ్డి పాన్ వాలు 25 నుంచి 28 డిగ్రీలు, ట్రాప్‌లో, అంటే కింది వంపు గొట్టంలో, వాసన ఆపడానికి నిలిచే నీరు 20 మిల్లీమీటర్లే. ఒకటిన్నర, రెండు లీటర్లు ఒక్క ఊపున కొడితే సరిపోతుంది. సన్నధారగా పోస్తే బకెట్టు ఖాళీ అయినా మలం కదలదు. మేస్త్రీ మామూలు 50 మిల్లీమీటర్ల ట్రాప్ పెడితే నీళ్ళు ఎక్కువ పట్టి గుంత తడారదు.

తూముకాడ: ఒక గుంత నిండాక రెండోది వాడుతూ మొదటిదాన్ని మాగనివ్వాలి. చాలాచోట్ల మేస్త్రీలు రెండు గుంతల దారులూ తెరిచే ఉంచుతారు. అప్పుడు రెండూ కలిసి నిండుతాయి, ఏదీ ఎరువు కాదు. దారులు చీలే ఛాంబర్‌లో ఒక దారిని ఇటుక, మట్టితో మూసెయ్యాలి. నిండిన గుంతను రెండేళ్ళు కదపకూడదు. 2017లో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి స్వయంగా దిగి ఎత్తింది అలా మాగిన ఎరువునే.

గురులఘువు: ఊరి పేరులోనూ గంగే! “రసికుడు పోవడు పల్నా డెసగంగా” చూడండి. ‘ఎసగంగా’లో కూడా గంగను దాచాడు మహానుభావుడు.

నాపరాయి: అది ‘ఎసగు’ ధాతువండీ, ‘గ’ ధాతువుది, ‘అంగా’ ప్రత్యయం. ఇలా వెతికితే ‘సాగంగా’లోనూ దొరుకుతుంది.

గురులఘువు: ‘సాగంగా’ ఎవరైనా రాస్తారు. రాసింది శ్రీనాథుడు.

చెంబునీళ్ళు: ఆ చాటువులు ఆయనవేనని తేలిందా?

తంగేడు: ఇంతకీ వ్యాసంలో ఏం రాయమంటారు? కొట్టా, విడా?

గురులఘువు: ముందు ఆ ‘నకు’ దిద్దారా?