మూడేళ్ళ పాపకు టీబీ గోల్డ్ టెస్టా, నేరుగా గోలీలా?

సిరోంచ_అమ్మ: మా అత్తమ్మకు పోయిన నెల తెమడ పరీక్షలో టీబీ తేలింది, మందులు వాడుతోంది. పాప రాత్రిళ్ళు ఆమె పక్కనే పడుకునేది. పాపకు దగ్గు, జ్వరం లేవు, బరువు పెరుగుతోంది, ఎక్స్‌రే బాగుందన్నారు. ఆశా అక్క ఏ టెస్టూ లేకుండా, టీబీ రాకుండా ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ గోలీ వేయమంటోంది. గోదావరి బ్రిడ్జి దాటి ప్రైవేటులో చూపిస్తే, టీబీ గోల్డ్ అనే రక్తపరీక్షలో పాజిటివ్ వస్తేనే మందు అన్నారు. ఎవరి మాట వినాలి?

రాజురా_మాస్టర్: టెస్ట్ లేకుండా మందేంటమ్మా? మా వాడికి మాంటూ సూది వేశారు, చర్మంలో వేసి వాపు చూసే టీబీ పరీక్ష. మూడో రోజు నర్సు గుమ్మం దగ్గరి నుంచే చూసి, ఎర్రగా ఉందని 12 మిల్లీమీటర్లు రాసేసింది. ఆరు నెలలు టీబీ మందులు మింగించాం. కొలవాల్సింది ఎరుపును కాదట! రక్తపరీక్షే నయం.

గోదారిగట్టు: మాస్టారూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. అది కొలిచిన మనిషి తప్పు. 48 నుంచి 72 గంటల మధ్య బాల్‌పెన్‌తో చర్మం మీద వాపు వైపు గీత గీస్తూ వస్తే గట్టిగా తగిలిన చోట పెన్ను ఆగుతుంది. అటూ ఇటూ ఆగిన చోట్ల మధ్య దూరమే లెక్క. మామూలుగా 10 మిల్లీమీటర్లు, హెచ్ఐవీ ఉంటే 5 వచ్చినా పాజిటివ్. బీసీజీ టీకా వల్ల కూడా మాంటూలో వాపు రావచ్చు, టీబీ గోల్డ్‌కు అది అడ్డురాదు, నిజమే. కానీ చిన్నపిల్లల్లో ఎటూ తేలకుండా రిపోర్టు రావచ్చు. పైగా ఈ రెండు టెస్టుల్లో ఏదైనా ఒంట్లో క్రిమి చేరిందా అన్నదే చెబుతుంది, జబ్బుగా మారిందా అన్నది చెప్పదు.

రాజురా_మాస్టర్: అంటే మా వాడి వాపు బీసీజీ వల్లేనని ఒప్పుకున్నట్టేగా!

గోదారిగట్టు: అప్పటికి బాబుకు ఎన్నేళ్ళు?

రాజురా_మాస్టర్: పదకొండు. అయితే ఏంటి?

గోదారిగట్టు: పుట్టగానే వేసిన బీసీజీ ప్రభావం పదేళ్ళకు చాలావరకు పోతుంది.

బల్లార్షా_బాబు: టీబీకి రక్తపరీక్షలు 2012లోనే నిషేధించారు కదా?

గోదారిగట్టు: నిషేధించింది యాంటీబాడీ టెస్టులను. టీబీ గోల్డ్ తెల్లకణాలు విడిచే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్‌ను కొలుస్తుంది. వేరే సంగతి.

చంద్రపూర్_వదిన: మా ఇంట్లో ఇద్దరికీ ఆ గోలీలు వేశాం. బాగానే ఉన్నారు.

గోదారిగట్టు: చెల్లెమ్మా, పాపకు ఐదేళ్ళలోపు, ఇంట్లోనే టీబీ మనిషి ఉంది. జబ్బు లేదని చూసుకున్నాక టెస్ట్ కోసం ఆగొద్దని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. క్రిమి చేరినా టెస్టులో కనబడడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఈ వయసులో అది మెదడు పొరల దాకా పోతే కష్టం. నెగటివ్ వచ్చినా వేయాల్సిన గోలీకి అంత డబ్బు పోసి టెస్టెందుకు?

రాజురా_మాస్టర్: మందు మింగించి, పొద్దున్నే వాంతులు తుడిచింది మీరు కాదు. వాణ్ణి స్కూల్లో ఆరు నెలలు ఒంటరి బెంచీలో కూర్చోబెట్టారు. అది ఏ పెన్నుతో కొలుస్తారు?

గోదారిగట్టు: మీ వాడికిచ్చింది జబ్బు మందులు, నాలుగు రకాలు. పాపకు చెప్పింది ఒక్క గోలీ, జబ్బు రాకుండా. రెండూ కలిపేసి ఆమెను భయపెట్టకండి!

సిరోంచ_అమ్మ: మీరిద్దరూ కొట్టుకోకండి. నిజం చెబుతాను. ఆశా అక్క మా గుమ్మం ఎక్కిన రోజు నుంచి పక్కింటి పిల్ల ఆటకు రావడం లేదు. నెగటివ్ కాగితం ఉంటే చూపిద్దామని నా ఆశ.

రాజురా_మాస్టర్: నేను మొదటి నుంచీ అనేది అదేనమ్మా.

గోదారిగట్టు: మీరు అన్నది ఎరుపు గురించి. చెల్లెమ్మా, జబ్బు లేని పిల్ల నుంచి టీబీ ఎవరికీ అంటదు, ఒంట్లో క్రిమి ఉన్నా సరే. కాగితం చూసి తలుపు తీసే మనుషులైతే ఈ మాటకే తీస్తారు. ఆశా ఇంటికి రావడమే ఇబ్బందైతే, గోలీలు నేనే వచ్చి తీసుకుంటానని దవాఖానలో అడుగు.

సిరోంచ_అమ్మ: సరే అన్నా, సోమవారం వెళ్తాను. వాంతులైతే?

గోదారిగట్టు: చాలామంది పిల్లలకు ఏమీ కాదు. ఆగకుండా వాంతులైనా, కళ్ళు పచ్చబడినా గోలీ ఆపి వెంటనే చూపించు.

రాజురా_మాస్టర్: అన్నీ సరే. మా నర్సు మాత్రం కొలవలేదు.