అప్‌డేట్: 18 నిండిన బాబుకి గార్డియన్‌షిప్

ఆటిజం ఉన్న బాబుకి 18 నిండాక బ్యాంకులో తల్లి సంతకం చెల్లదన్నారు, ఏం చేయాలని అడిగాను కదా. కోర్టుకెళ్లక్కర్లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీయే గార్డియన్‌ని నియమిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు: ఈ నాలుగింటికే. వినికిడి లోపం ఒక్కటే ఉంటే ఈ దారి లేదు.

దరఖాస్తు ఫారం-ఏలో. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది, ముందే సరిచేయించండి.

చాలామంది వదిలేసేది ఇది: నియామకమైన 6 నెలల్లో గార్డియన్ బిడ్డ ఆస్తులు, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆపై ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోపు లెక్కలు. పింఛను తప్ప ఏమీ లేకపోయినా సరే, పాస్‌బుక్ జిరాక్స్ జతచేసి రసీదు తీసుకోండి.