«గలఁడు గలం…»: విడ్జెట్‌లో తెగిపోయిన నాలుగో పాదం

మునగచెట్టు:
మిత్రులకు నమస్కారం. అమ్మకు కంటిలో శుక్లం తీయించిన తరువాత ఫోనులో అక్షరాల పరిమాణం బాగా పెంచాము. ఫోను తెరవగానే గజేంద్రుని «కలఁ డందురు» పద్యం కనబడాలని ఆమె కోరితే, హోమ్ స్క్రీన్ మీద నాలుగు గడుల వెడల్పు, రెండు గడుల ఎత్తు ఉన్న ఒక నోట్ విడ్జెట్ పెట్టి, అందులో ఎక్కించాను. అరసున్నలను ఆమె గాజు మీది మరకలనుకొని రెండు రోజులు పమిట చెంగుతో తుడిచింది. అందువల్ల వాటన్నిటినీ చేత్తో ఒక్కొక్కటిగా తీసివేశాను. ఇప్పుడు నాలుగో పాదం «గలడు గలడనెడివాడు గలడో లేడో» అని ఉన్నది. చదివి వినిపిస్తే అమ్మ, «ఎక్కడో కుంటుతోందిరా» అంటున్నది. రెండో «గల» తరువాత నిండుసున్న ఉన్నదా లేదా అన్నది నాకు గుర్తు రావడం లేదు. పైగా విడ్జెట్‌లో అయిదు వరుసలే పడుతున్నాయి కనుక పద్యం చివర తెగిపోయి మూడు చుక్కలు మిగులుతున్నాయి.

ఆరో గణం:
మీ అమ్మగారి చెవి సరైనది. అరసున్నలతో పాటు ఒక నిండుసున్నను కూడా తుడిచిపెట్టారు. «గలఁడుగ – లండనె – డివాఁడు – గలఁడో – లేఁడో» అని విడదీసి చూడండి. నల, భ, జ, స, గగ అని కందానికి అనుమతించిన అయిదు గణాలూ (నాలుగేసి మాత్రల అక్షర గుంపులు) ఒకే పాదంలో ఒక్కొక్కసారి వచ్చి కూర్చున్నాయి. సున్న తీసివేస్తే రెండో గణంలో మూడు లఘువులే (ఒక్కొక్క మాత్ర పలికే పొట్టి అక్షరాలే) మిగిలి ఒక మాత్ర తగ్గుతుంది. ఒకే క్రియ పక్కపక్కనే ఒకసారి «కలఁడు» అని తేలికగా, మరొకసారి «కలండు» అని బరువుగా రావడంలోనే ఆ మొర ఉన్నది. «వాఁడు», «లేఁడు» అన్న చోట్ల ఈ వెసులుబాటు లేదు. దీర్ఘము మీద సాధ్యపూర్ణబిందువు, అంటే సూత్రం వల్ల వచ్చే నిండుసున్న, లేదని వ్యాకరణకర్త చిన్నయ సూరి చెప్పినదే.

వసారా:
ఆరో గణం గారు సున్నను నిలబెట్టే హడావుడిలో «డి»ని చడీచప్పుడు లేకుండా లోపలికి తెచ్చారు. మా తాతగారి పుస్తకంలో «అనెడువాఁడు» అనే ఉన్నది, నేను కంఠస్థం చేసినదీ అదే. తరువాతి సీసంలోనే «సాధుల కడ్డపడెడువాఁడు» అని పోతన అంటాడు. పక్క పద్యంలో «డు» వేసిన కవి ఇక్కడ «డి» ఎందుకు వేస్తాడు?

ఆరో గణం:
«పలికెడిది భాగవతమట, పలికించెడివాఁడు రామభద్రుండట» అన్నది కూడా ఆ పోతనే కదా. అక్కడ లేని అభ్యంతరం ఇక్కడెందుకు?

వసారా:
«పలికెడిది»ని సాక్ష్యంగా తీసుకోరాదు. వెనుక ఉన్న «ది»లోని ఇకారమే ముందరి డువర్ణాన్ని తనవైపు లాగి «డి»గా మార్చి ఉంటుందని నా నమ్మకం. «పలికించెడివాఁడు» అన్నది ఆ పక్కమాట ప్రభావంతో లేఖకుని చేతిలో మారి ఉండవచ్చు.

ఆరో గణం:
అలాగైతే «అడ్డపడెడువాఁడు» లేఖకుని చేతిలో మారలేదని మీకు చెప్పినదెవరు? రెండు చోట్లా అది లఘువే కనుక ఛందస్సు మన ఇద్దరిలో ఎవరికీ సాక్ష్యం చెప్పదు.

ఆకురాయి:
పెద్దలు మన్నించాలి, అడిగినవారి ఫోను సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కందంలో పాదాలు 12, 20, 12, 20 మాత్రలు, మొత్తం 64. పెద్ద అక్షరాలలో బేసి పాదాలు ఒక్కొక్క వరుసలో ఇముడుతాయి కానీ, సరి పాదాలు రెండేసి వరుసలు తింటాయి. అంటే ఆరు వరుసలు కావాలి, మీ దగ్గర ఉన్నవి అయిదు. విడ్జెట్‌ను నొక్కి పట్టుకుంటే అంచుల మీద చుక్కలు కనిపిస్తాయి. అడుగున ఉన్న చుక్కను పట్టుకొని ఒక గడి కిందికి లాగండి. ఐఫోనులో ఇలా ఒక్కొక్క గడి చొప్పున పెంచే వీలు లేదు, అది ఇచ్చే కొలతలలోనే ఒకటి ఎంచుకోవాలి. కొందరు పద్యాన్ని బొమ్మగా చేసి ఫోటో విడ్జెట్‌లో పెడతారు. అందంగానే ఉంటుంది కానీ, రేపు మీ అమ్మగారు అక్షరాలను ఇంకా పెద్దవి చేయమంటే బొమ్మలోని అక్షరాలు మాట వినవు.

ఇంకొక మాట. మా ఫోనులో నేను శతక పద్యాలు పెట్టుకుంటాను. చివర తెగినా నష్టం లేదు, పోయేది «సుమతీ» అన్న పిలుపో, వేమన మకుటమో మాత్రమే. ఈ పద్యానికి ప్రాణమంతా చివరి రెండు మాటలలో ఉన్నది. «గలఁడు గలం…» దగ్గర తెగితే సందేహం పూర్తిగా ఎగిరిపోయి, గజేంద్రుడు మొదటి నుంచి గట్టి విశ్వాసిగా మిగులుతాడు! అంత మంచి పని చేసిన విడ్జెట్‌ను తప్పుపట్టడమెందుకో.

చలివేంద్రం:
ఆలస్యంగా వచ్చాను. డి, డుల తగవు కన్నా ఆ మాటకు అర్థమేమిటన్నది ముఖ్యం కాదా? «కలఁడు గలం డనెడివాఁడు» అంటే దేవుడని అందరూ ఒప్పుకొని ముందుకు పోతున్నారు. «కలఁడు, కలఁడు అని చెప్పేవాడు» అన్న అర్థం ఎందుకు రాకూడదు? ఉన్నాడని చెప్పేవాళ్ళలో ఒక్కడైనా ఈ మడుగు దగ్గర కనిపిస్తాడా అని ఏనుగు అడుగుతున్నదేమో.

ఆరో గణం:
చమత్కారంగా ఉన్నది కానీ నిలవదు. «రాముఁ డనెడి రాజు» అన్నప్పుడు రాజు ఏమీ అనడం లేదు, లోకులు అంటున్నారు. మూడు పాదాలలోనూ «అందురు» అని ఆ లోకులను ముందే నిలబెట్టి, నాలుగో పాదంలో వాళ్ళ మాటనే రెట్టించి, ఆ మాటకు గురి అయినవాడు అసలున్నాడా అని అడుగుతున్నాడు. చెప్పేవాడే ఉద్దేశమైతే ముందరి మూడు «అందురు»లకు బహువచనం దేనికి?

చలివేంద్రం:
అర్థంలో ఓడిపోతాను. అక్షరంలో మాత్రం ఓడిపోను. రెండో మాట «గలం» అని వేశారు, «కలం» కావాలి. రెండు, మూడు, నాలుగు పాదాల మొదట్లో «గ» రావడానికి కారణం ముందరి పాదాల చివర ఉన్న ద్రుతం, అంటే నకారం. «యెడన్», «పాలన్» అన్నవి చూస్తే చాలు. విడ్జెట్‌లో పాదాన్ని విడిగా చూసేవాళ్ళు దానిని అచ్చుతప్పు అనుకొని «క»గా దిద్దుతున్నారు, అది పొరపాటు. కానీ «కలఁడు» తరువాత ద్రుతమెక్కడ ఉన్నది?

వసారా:
ద్రుతం లేకపోయినా గసడదవాదేశం (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం) ఉన్నది. కళలైన, అంటే ద్రుతం లేని, క్రియాపదాల మీద కూడా అది చూపట్టుతుందని సూరిగారే అన్నారు. రారు గదా, వత్తురు వోదురు వంటివి అలా వచ్చినవే. అయితే అది బహుళం కనుక మీ «క»ను తప్పనలేను. «వాఁడు గలఁడో» అన్న చోట కూడా అంతే. యతి చూద్దామన్నా క, గలు రెండూ మైత్రి కలవే. డి, డులకు పట్టిన గతే దీనికీ పట్టింది.

ఆకురాయి:
కందం చెప్పినవాడే కవి అన్నారు కానీ, కందాన్ని ఫోనులో ఇమిడ్చినవాడిని ఏమనాలో ఎవరూ చెప్పలేదు. నాదొక సూచన. లాక్ స్క్రీన్ మీద «కలఁడో లేఁడో» పద్యం పెట్టి, హోమ్ స్క్రీన్ మీద ప్రహ్లాదుని «ఇందుఁ గలఁ డందు లేఁ డని» పెట్టండి. అదీ కందమే, అవే మాటలు, అదే కవి. వేలితో ఒకసారి జరిపితే ప్రశ్న నుంచి జవాబుకు వెళ్తారు.

వసారా:
స్కంధాల వరుస తారుమారవుతుంది. ప్రహ్లాదుడు సప్తమంలో, గజేంద్రుడు అష్టమంలో ఉన్నారు. జవాబు ముందు వచ్చి ప్రశ్న తరువాత రావడమే భాగవతంలోని సొగసు, దానిని ఫోను కోసం తిరగవేయడం నాకు రుచించదు.

మునగచెట్టు:
అందరికీ ధన్యవాదాలు. సున్న తిరిగి పెట్టాను, అమ్మ «ఇప్పుడు నడుస్తోంది» అన్నది. పట్టుదలకు పోయి అరసున్నలు కూడా తెచ్చి, ఇవి మరకలు కావని చెప్పాను. ఒక గడి కిందికి లాగడానికి చోటు కావలసి వస్తే పంచాంగం విడ్జెట్ తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. వాతావరణం తీసేయమన్నది, కిటికీలోంచి చూస్తే తెలుస్తుందట. ఆరు వరుసలూ పట్టాయి. «డి»యే ఉంచాను, వసారా గారు క్షమించాలి, అమ్మ నోట వచ్చేది అదే.

చలివేంద్రం:
«గలం» ఉంచారా, «కలం» పెట్టారా? అది చెప్పలేదు. «లేఁడో» తరువాత ప్రశ్నార్థకం ఉన్నదా?

వసారా:
ప్రశ్నార్థకం దేనికి? ఓకారంలోనే ప్రశ్న ఉన్నది. తాతగారి పుస్తకంలో లేదు.

మునగచెట్టు:
పెట్టి చూశాను. ప్రశ్నార్థకం పెడితే «లేఁడో?» ఏడో వరుసలోకి దిగి, మళ్ళీ మూడు చుక్కలు వస్తున్నాయి.