సమస్యాపూరణం: పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

సంచాలకుడు:
ఈ వారం సమస్య ఇది. చివరి పాదం నేనిస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

పొద్దున వంటింటి కిటికీలో నుంచి చూస్తే పిట్టగోడ మీద పిల్లి, దానికి మూరెడు దూరంలో పికిలిపిట్ట. పిల్లి కదలలేదు, పిట్ట బెదరలేదు. పొయ్యి మీది పాలు పొంగేదాకా అలాగే నిలబడిపోయాను. పాదం అక్కడే పుట్టింది. నీతికథల్లోని పిల్లులు వద్దు. మీ పెరట్లో, మీ కిటికీ అవతల మీరు చూసిన పిల్లిని తీసుకురండి.

యతిప్రియుడు:
మొదటి పూరణ నాదే కావాలని వెంటనే కూర్చున్నాను.

చెట్టు ప్రాకి పాము చేరంగ గూటిని
బుసలు కొట్టుచుండ, బొబ్బలిడుచు
గోళ్ళు సాచి దుమికి క్రూరసర్పముఁ దోలి
పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

వంటింటి కిటికీ:
నడక బాగుంది యతిప్రియుడు గారూ. మూడో పాదం చదువుతుంటే గోళ్ళు కనిపించాయి. రెండో పాదం దగ్గర మాత్రం నాకు అడ్డు తగిలింది. గుడ్ల కోసం గూటికి పాకే పాము బుస కొట్టదు. బుస అనేది ‘దగ్గరికి రాకు’ అని చెప్పడం. దొంగతనానికి వచ్చినది చప్పుడు చేయదు. మా జామచెట్టు మీద జెర్రిపోతు పాకడం ఒకసారి చూశాను. ఆకు కదిలిందే తప్ప సవ్వడి లేదు. నాకంటే ముందు ఉడుత పసిగట్టింది. తోక ఎగరేస్తూ కిచకిచలు మొదలుపెట్టింది. ఆ అరుపుకు చెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

ఇంకొక మాట. ‘క్రూర’ అన్నది యతి కోసం, అంటే పాదం మొదట ఉన్న ‘గో’కు జత కలిసే అక్షరం కోసం వచ్చిన విశేషణం. ఆకలేసిన పాముకు అది న్యాయం కాదు.

యతిప్రియుడు:
‘క్రూర’ తీయను. గూట్లో ఉన్న పిట్ట వైపు నుంచి చూస్తే ఆ మాట సరైనదే. బుస విషయం మాత్రం ఒప్పుకుంటున్నాను. రెండో పాదం ఇలా మారుస్తాను.

సడియె లేక, గ్రుడ్ల చవికి మరిగి

సంచాలకుడు:
మార్చిన పాదమే మేలు. అయితే ఇప్పుడు పిల్లి బొబ్బ పోయింది. ఇద్దరూ చప్పుడు లేకుండానే వచ్చారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

గురులఘువు:
నా పూరణ క్రమాలంకారంలో. ముందు ప్రశ్నలు, చివరి పాదంలో అదే వరుసలో జవాబులు.

ఎలుక కెవరు వైరి? యేమి వేడును చిక్కి?
కొమ్మ నూఁగి యెవరు కూఁతఁ బెట్టు?
ఇచ్చె ననుటకున్న యింకొక్క మాటేది?
పిల్లి, ప్రాణభిక్ష, పిట్ట, కొసఁగె

పాతపద్యం:
గురులఘువు గారూ, చివరి జవాబు ‘ఒసఁగె’ కావాలి. మీ విరుపులో ‘కొసఁగె’ అయింది. ‘పిట్టకు’లోని కకారం అక్కడే మిగిలిపోయింది. ఎదుటివారి పద్యంలో అరసున్న లేకపోయినా నిలదీసే మీరు ఈ కకారాన్ని ఎలా వదిలేశారు? పైగా ఏ సమస్య ఇచ్చినా మీరు ప్రశ్నలు, జవాబులే రాస్తున్నారు. సంచాలకులు పిట్టగోడ మీది పిల్లిని అడిగారు. మీ పద్యంలో పిల్లీ లేదు, గోడా లేదు.

గురులఘువు:
కకారం నా పొరపాటే. క్రమాలంకారం మాత్రం పొరపాటు కాదు. అవధాన సభల్లోనూ దానికి చోటు ఉంది.

తేనెపిట్ట:
నేను కొంచెం భయపడుతూనే రాస్తున్నాను. ఛందస్సు నేర్చుకుని ఏడాది కాలేదు.

పెరటిలోన గువ్వ పిడికెడు గింజలు
తినెడు వేళ మింటఁ దిరుగ డేగ
నేలఁ గాలఁ దన్ని నిలిచినట్టి చెవుల
పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

మా ఇంట్లో తెల్లని కుందేలు ఉంది. ఏదైనా అనుమానం తగిలితే వెనక కాలితో నేలను దబ్బున కొడుతుంది. ఒక్కటే దెబ్బ. తరువాత చెవులు నిక్కబొడుచుకుని రాయిలా నిలబడిపోతుంది. మొన్న ఆ దెబ్బకు గింజలు తింటున్న గువ్వ లేచిపోయింది. తల ఎత్తి చూస్తే పైన డేగ తిరుగుతోంది.

వంటింటి కిటికీ:
చెల్లెమ్మా, భయం దేనికి? ‘చెవుల’ దగ్గర పాదం ఆపి, తరువాతి పాదంలో పిల్లిని కుందేలు చేశావు. నాకు అంతకంటే ఇష్టమైనది ‘నిలిచినట్టి’ అన్న మాట. అది కుందేలుకూ సరిపోతుంది, దాని చెవులకూ సరిపోతుంది. ఆ ఒక్క మాటలో జంతువు మొత్తం కనిపించింది.

పాతపద్యం:
పద్యం బాగుంది. అయితే చెవులపిల్లి అంటే కుందేలే కదా, ఆ విరుపు ఇక్కడ మొదట వాడినది నేను. ‘పిల్లి గడ్డి మేసి పెరిగెనయ్య’ అన్న సమస్యకు. పాత సభ్యులకు గుర్తుండాలి.

గురులఘువు:
గుర్తుంది. మూడో పాదంలో ‘చె’కు ‘కె’ యతి వేశారు. అదీ గుర్తుంది. అసలు తేడా యతిలో లేదు. మీ పద్యంలో పిల్లి కుందేలని తేలగానే గడ్డి సంగతి తీరిపోయింది, పద్యమూ తీరిపోయింది. ఈ అమ్మాయి పద్యంలో కుందేలని తెలిసిన తరువాత కూడా ‘అది ప్రాణం ఎలా కాపాడింది?’ అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు అంతకు ముందే ‘కాలఁ దన్ని’లో ఉంది.

పాతపద్యం:
యతి తప్పిన మాట నిజం. ఆ రాత్రే దిద్దాను. దిద్దినదాన్ని మీరు చదవలేదు. తేనెపిట్ట గారూ, నా మాట మీ పద్యం విలువను తగ్గించడానికి కాదు. మీ పూరణ నా పూరణ కంటే మంచిది.

పెరటిచెట్టు:
మా ముసలి పిల్లి మీద.

ఎండ కాఁగి యరుగు నెక్కి నిద్దుర వోయి
మూఁతి చెంతఁ బిచ్చుక ముచ్చటాడ
బొచ్చు నేరి గూటఁ బొదుగ నూరకయున్న
పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

గురులఘువు:
రెండో పాదం, మూడో గణం. ‘పిచ్చుక’ భగణం. మూడు మాత్రల సూర్యగణం కూర్చోవలసిన చోట నాలుగు మాత్రల ఇంద్రగణం వాలింది. ‘గువ్వ’ అని మార్చండి, సరిపోతుంది.

పెరటిచెట్టు:
తప్పు ఒప్పుకుంటాను కానీ గువ్వను ఒప్పుకోను మాస్టారూ. గువ్వ వేరు, పిచ్చుక వేరు. గువ్వ నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి అదే గూడంటుంది. దానికి బొచ్చుతో పని లేదు. పిచ్చుక అలా కాదు. గోడ కన్నంలోనో, వెంటిలేటరు మూలలోనో గడ్డి కుక్కి, లోపల ఈకలు, వెంట్రుకలు, దారపు పోగులు పరిచి మెత్తగా చేసుకుంటుంది. మా అరుగు మీద పిల్లి పడుకున్న చోట రాలిన బొచ్చును గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగ పిచ్చుక ముక్కు నిండా పట్టుకుపోయింది. ఎంత పట్టిందంటే ఎదురుగా చూడటానికి వీలు లేక మొదటిసారి గోడకు తగిలి, వెనక్కి వచ్చి, మళ్ళీ గురి చూసుకుని కన్నంలోకి దూరింది. అప్పుడు మా పిల్లి ఒక కన్ను తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నా పద్యమంతా ఆ కన్ను మూసుకోవడమే. పిచ్చుక పోతే నాకు పద్యం లేదు.

సంచాలకుడు:
పిచ్చుకను ఉంచుకునే దారి ఉంది.

మూఁతిఁ బిచ్చుకమ్మ ముట్టి పోవ

‘పిచ్చుకమ్మ’ అంటే రెండు సూర్యగణాలు, యతికీ ఇబ్బంది లేదు. ‘పొదుగ’ అన్న మాట ఎంత బాగా పడిందో మీరు గమనించి రాశారా? బొచ్చును గూట్లో పొదగడం, ఆ బొచ్చు మీద రేపు గుడ్లు పొదగడం, రెండూ అందులోనే ఉన్నాయి.

పెరటిచెట్టు:
గమనించి రాయలేదు. ఇప్పుడు చూస్తే సంతోషంగా ఉంది. మీ పాదం తీసుకుంటాను. మగ పిచ్చుకను ‘అమ్మ’ అనవలసి వచ్చింది, అదొక్కటే లోటు.

పాతపద్యం:
ఏటా మార్చి 20 దగ్గరపడుతుంటే పిచ్చుకల మీద పద్యాలు కుప్పలుగా వస్తాయి. 2010 నుంచి ఆ రోజును ప్రపంచ పిచ్చుకల దినోత్సవంగా జరుపుతున్నారు కదా. వాటిలో చాలా పద్యాలు ‘ఏదమ్మా నువ్వు, ఎక్కడికి పోయావు’ అన్న ఏడుపుతో ఆగిపోతాయి. ఇంటి గోడలో ఒక కన్నం మిగల్చాలనీ, మొక్కల మీద పురుగుమందు చల్లకూడదనీ ఒక్కరూ రాయరు. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కానీ, గూట్లోని పసికూనలను పురుగులు పెట్టే పెంచుతుంది. పెరటిచెట్టు గారి పద్యంలో ఏడుపు లేదు, గూడు ఉంది. గణం తప్పినా నా ఓటు దీనికే.

వంటింటి కిటికీ:
ఇక నాది. మా పాప పిల్లి మెడకు మువ్వ కట్టింది.

పాప మురిసి మెడకుఁ బట్టి గట్టిన మువ్వ
గంతు వేయఁబోవ ఘల్లుమనియె
తుఱ్ఱుమనుచు నెగసెఁ దోఁటలోఁ బికిలియు
పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

సంచాలకుడు:
‘పికిలియు’లో ‘యు’ గణం నింపడానికే వచ్చింది. మొదటి పాదంలో ‘మువ్వ’ను ‘గజ్జె’ చేసి, దాచుకున్న మువ్వను చివరికి తెద్దాం.

పాప మురిసి మెడకుఁ బట్టి గట్టిన గజ్జె
గంతు వేయఁబోవ ఘల్లుమనియె
తుఱ్ఱుమనుచుఁ బికిలి తోఁట దాఁటఁగ మువ్వ
పిల్లి ప్రాణభిక్షఁ బిట్టకొసఁగె

తేనెపిట్ట:
మువ్వపిల్లి! ఎంత ముద్దుగా ఉంది! అక్కయ్యా, ఇకనుంచి మీ పిల్లికి ఇదే పేరు పెట్టండి.

యతిప్రియుడు:
పద్యం అందంగా ఉంది, కాదనను. అయితే నా పాము బుసను తప్పు పట్టిన చేత్తోనే మీ గజ్జెనూ పరీక్షించుకోవాలి. గజ్జె ఎగరగలిగిన పిట్టను కాపాడుతుంది. రెక్కలు రాని కూనకు గజ్జె వినిపించి ఏమి ప్రయోజనం? కొన్ని పిల్లులు గజ్జె మోగకుండా నడవడం కూడా నేర్చుకుంటాయి.

వంటింటి కిటికీ:
మీరన్నది నిజం. అందుకే కూనలు గూడు దిగే రోజుల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచుతున్నాను. మా వేలాడే పూలకుండీలో పికిలి గూడు కట్టింది. చిన్న దోసిలంత గిన్నె. లేత గులాబి రంగు గుడ్లు, వాటి మీద కుంకుమ చిలికినట్టు చుక్కలు. రెండు వారాల పొదుగుడు. కూనలు బయటికి వచ్చాక మరో రెండు వారాలకే గూడు వదిలేశాయి, అప్పటికి సరిగా ఎగరడం కూడా రాలేదు. ఒకటి కుండీ కింద పడింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ ముట్టదని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపారు. అది నిజం కాదు. ఎత్తి కొమ్మ మీద పెట్టి లోపలికి వచ్చి తలుపు వేశాను. కాసేపటికే తల్లి ముక్కున పురుగుతో వచ్చింది. ఆ పూటంతా మువ్వపిల్లి తలుపు ఇవతల కూర్చుని అరుస్తూనే ఉంది.

మీరు పరీక్ష అన్నారు కాబట్టి నేనూ ఒకటి గుర్తు చేస్తాను. పోయిన నెల ‘కోయిలమ్మ గూడు కూర్చుకొనియె’ సమస్యకు మీరు ‘కుహుకుహూ యనంగఁ గోయిలమ్మ’ అని రాశారు. కుహూ అని కూసేది మగది. అప్పుడే చెప్పాను, మీరు జవాబు ఇవ్వలేదు.

యతిప్రియుడు:
జవాబు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. కోయిలమ్మ అన్నది మన నుడికారం. పాడే పిట్టను అమ్మా అని పిలుచుకున్న భాష ఇది. చకోరం వెన్నెల తాగుతుందంటే అడ్డుచెప్పని వారు, కోయిలమ్మ పాడిందంటే ఎందుకు ఆపుతారు?

వంటింటి కిటికీ:
వెన్నెల తాగే చకోరం నా కిటికీ ముందుకు రాదు, కోయిల రోజూ వస్తుంది. మగది నిగనిగలాడే నలుపు. ఆడది గోధుమరంగు, ఒంటినిండా తెల్లటి చుక్కలు. ఇద్దరికీ కళ్ళు ఎర్రనివే. ఆడది కిక్కిక్కిక్ అని గబగబా అరుస్తుందే తప్ప కుహూ అనదు. నేను నుడికారాన్ని కాదనడం లేదు. మీ పద్యం గురించే అడుగుతున్నాను. ఆ సమస్యలో ఆడకోయిల కాకి గూటిని తనకు అమర్చుకోవాలి. ఆమే గొంతెత్తి పాడితే కాకి ఆమె వెంటే పడుతుంది, ఇక గుడ్డు పెట్టేది ఎప్పుడు? మీ పద్యంలో కాకి ఊరికే నిద్రపోయింది. పట్టపగలు, గుడ్లున్న గూటి మీద కాకి నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

గురులఘువు:
ఈ అభ్యంతరం ఛందస్సుకు సంబంధించినది కాదు కానీ, గణదోషం కంటే పెద్దది. యతిప్రియుడు గారు జవాబు చెప్పాలి.

యతిప్రియుడు:
రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే లేచి చెట్టు కిందికి వెళ్ళి నిలబడ్డాను. కూసినది నల్లటిదే. రెండు కాకులు దాన్ని తరుముకుంటూ పోయాయి. గూటి దగ్గరికి ఆడది రావడం నాకు కనిపించలేదు కానీ, కాకులు వెళ్ళాక గూడు ఖాళీగా ఉండటం చూశాను. పాత పూరణ తీసేస్తున్నాను. ఇది దాని స్థానంలో ఉంచండి.

మావికొమ్మ నెక్కి మధురస్వరంబెత్తి
కుహుకుహూ యనంగఁ గోయిలయ్య
కాకి తఱుమఁ బోవఁ గాచుకున్నది వచ్చి
కోయిలమ్మ గూడు కూర్చుకొనియె

వంటింటి కిటికీ:
కాకి గూడు ఎందుకు విడిచిందో ఇప్పుడు పద్యంలోనే ఉంది. పోయిన నెల అది లేదు. ఈ పద్యాన్ని పాప చేత నోటుపుస్తకంలో రాయిస్తున్నాను.