కేటీ-1000 రీడింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లు చెప్పండి

రైడర్_కరీంనగర్
కబడ్డీలో ఏసీఎల్ (మోకాలి లోపల కింది ఎముక ముందుకి జారకుండా పట్టే లిగమెంట్) తెగి, హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్‌తో, అంటే తొడ వెనక కండరం నుంచి తీసిన నరం లాంటి తాడుతో, ఆపరేషన్ చేయించుకున్నా. ఆరో నెలలో ఒకచోట కేటీ-1000తో (కింది ఎముక ఎంత ముందుకి జరుగుతుందో కొలిచే మిషన్) చూసి రెండు మోకాళ్లకీ తేడా 2 మిల్లీమీటర్లే అన్నారు. ఈ మధ్య ఇంకోచోట చూపిస్తే 4 అన్నారు. గ్రాఫ్ట్ సాగిపోయిందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. నాకు మాత్రం మోకాలు ఎక్కడా జారట్లేదు, మెట్లు హాయిగా దిగుతున్నా. అసలు ఈ మిషన్ లెక్క నిజమేనా?

ఫిజియో_విశాఖ
తమ్ముడూ, కంగారు పడకు. మిషన్ ఒకటే అయినా పట్టుకునే చెయ్యి మారితే రీడింగ్ మారుతుంది. మోకాలు 20–30 డిగ్రీలు వంచి, ఒక ప్యాడ్ చిప్ప మీద, ఇంకోటి కింది ఎముక మీద ఆనిస్తాం. హ్యాండిల్ లాగుతుంటే 67, 89, 134 న్యూటన్ల దగ్గర బీప్ వస్తుంది, సరిగ్గా అప్పుడు డయల్ మీద ముల్లు ఎక్కడుందో చూడాలి. చిప్ప మీది ప్యాడ్‌ని రెండో చేత్తో కదలకుండా పట్టాలి. అది కాస్త జారినా, పాదం కాస్త పక్కకి తిరిగినా లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు తొడ వెనక కండరం. నొప్పి వస్తుందన్న భయంతో పేషెంట్ దాన్ని బిగిస్తే ఎముక ముందుకి రాదు, తెగిన మోకాలు కూడా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. మత్తు ఇచ్చాక అదే మోకాలు ఇంకా వదులుగా తేలుతుంది. అందుకే నేను తొడ కింద చెయ్యి పెట్టి, కండరం మెత్తబడిందని తెలిశాకే లాగుతా.

ఆర్థో_పీజీ
ఈ పరికరం 1980ల్లో శాన్ డియాగోలో డేల్ డేనియల్ బృందం చేతుల్లో తయారైంది. రెండు మోకాళ్ల తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఏసీఎల్ మీద అనుమానపడాలన్న లెక్క అప్పటినుంచీ వాడుకలో ఉంది. మోకాలి పరిస్థితిని అంచనా వేసే ఐకేడీసీ గ్రేడింగ్‌లో 3 నుంచి 5 దాకా ‘దాదాపు మామూలు’ కిందకే వస్తుంది. ఒకే మోకాలిని ఇద్దరు చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ కావడం కొత్తేం కాదు.

లియోన్_తెలుగమ్మాయి
నేను ఫ్రాన్స్‌లో ఉంటా. నాకు సగం తెగిందన్న అనుమానంతో జీఎన్ఆర్‌బీ అనే ఇలాంటి ఇంకో మిషన్ మీద చూశారు, అది ఇక్కడి లావల్ ఊళ్లో తయారయ్యేదే. దీంట్లో చేత్తో లాగే పని లేదు, మోటారే తోస్తుంది. తొడ వెనక సెన్సార్లు అంటించారు, కండరం బిగిస్తే స్క్రీన్ మీద తెలిసిపోతుంది. కానీ చిప్ప మీద కట్టే బెల్టు బిగింపు రెండు కాళ్లకీ ఒకేలా లేకపోతే ఇదీ తప్పు చూపిస్తుందట. మా డాక్టర్ ఆ బిగింపు అంకె కూడా రాసుకున్నాకే మొదలుపెట్టారు.

గోల్‌కీపర్_నెల్లూరు
నాది వేరే కథ. రీడింగ్ 1 మాత్రమే, కానీ గ్రౌండ్‌లో చటుక్కున తిరిగితే మోకాలు పట్టు తప్పుతుంది. అలాంటప్పుడు ఆ అంకె దేనికండీ?

ఆర్థో_పీజీ
కేటీ-1000 కొలిచేది ముందు వెనక కదలికనే, మెలి తిరగడాన్ని కాదు. మీ ఇబ్బంది మోకాలిని మెలితిప్పి చూసే పివట్ షిఫ్ట్ పరీక్షలో దొరకొచ్చు, తప్పకుండా చేయించుకోండి. ఇంకో జాగ్రత్త: పీసీఎల్ (కింది ఎముక వెనక్కి జారకుండా పట్టే లిగమెంట్) తెగినవాళ్లకి కింది ఎముక ముందే వెనక్కి వాలిపోయి ఉంటుంది. అక్కణ్నుంచి లాగితే ఏసీఎల్ బాగున్నా వదులుగా ఉన్నట్టు చూపిస్తుంది.

ఫిజియో_విశాఖ
తమ్ముడూ, నీ రెండు రిపోర్టుల్లో ఎంత బలం దగ్గర తీశారో రాసుందా?

రైడర్_కరీంనగర్
ఇప్పుడే చూశా అన్నా. మొదటిదాంట్లో 89 న్యూటన్లు, రెండోదాంట్లో ‘మాన్యువల్ మ్యాగ్జిమమ్’ అనుంది.

ఫిజియో_విశాఖ
అదీ సంగతి! మాన్యువల్ మ్యాగ్జిమమ్ అంటే చేతికి ఉన్నంత బలంతో లాగడం, అంకె పెద్దగా రావడం సహజం. ఆ రెంటినీ పోల్చి గ్రాఫ్ట్ సాగిందనడం కుదరదు. మొదట చూసినాయన దగ్గరికే వెళ్లు, మళ్లీ 89 దగ్గరే రెండు కాళ్లకీ తీయించుకో, 134 దగ్గర కూడా రాయించుకో. లాక్‌మన్ (చేత్తోనే కింది ఎముకని ముందుకి లాగి చూసే పరీక్ష), పివట్ షిఫ్ట్ కూడా అదే రోజు చూడమను. రీడింగ్ ఎంత బాగున్నా తొమ్మిది నెలలు నిండి, తొడ బలం, హాప్ టెస్టులు (ఒంటికాలి గెంతులు) సరిపోయేదాకా రైడ్‌కి వెళ్లకు.