జపనీస్‌లో 'వేసుకోవడం': కిరు ఒక్కటే సరిపోదు

ప్రశ్న: ఇంగ్లిష్ 'వేర్'కి జపనీస్‌లో 'కిరు' అని నిఘంటువులో ఉంది. బూట్లకీ టోపీకీ అది కుదరదంటున్నారు. ఎందుకండీ?

జవాబు: 'వేర్' అనగానే మధ్యలో 'ధరించు' అడ్డం వచ్చి చేసే గొడవ ఇది. మాటల్లో చీర ఎవరు ధరిస్తారు? కట్టుకుంటాం. చొక్కా తొడుక్కుంటాం, బొట్టు పెట్టుకుంటాం. జపనీస్‌లోనూ అన్నిటికీ ఒకే మాట లేదు. అక్కడ చాలావరకు ఒంట్లో ఏ భాగానికన్నదే లెక్క. పైఒంటికి, లేదా మొత్తం ఒంటికి వేసుకునేవి కిరు: చొక్కా, కోటు, కిమోనో. చీరా ఇందులోకే. నడుము కిందివి హకు: ప్యాంటు, లంగా, మేజోళ్లు, బూట్లు. తలకు పెట్టుకునేవి కబురు (మన కబురు కాదు లెండి). కళ్లజోడుకి కకెరు, ఉంగరానికి హమెరు. టై, బెల్టులకు షిమెరు, అంటే బిగించడం. వాచీ, చెవిపోగులు, మాస్కు దగ్గర అనుమానమొస్తే 'సురు' అనేయండి, నడుస్తుంది. చొక్కా, ప్యాంటులకు మాత్రం సురు పనికిరాదు.

మరొకరు: విప్పడం కూడా కలిపి నేర్చుకోవాలి. కిరు, హకు, కబురు మూడింటికీ నుగు. కళ్లజోడు, ఉంగరం, వాచీ, మాస్కు అయితే హజుసు. చేతి తొడుగులకు సాధారణంగా హమెరు అంటారు గానీ, జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో హకు వినిపిస్తుంది. రాతలో ఇంకో సంగతి: బూట్ల హకుకి ఒక కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరం), ప్యాంటు హకుకి వేరొకటి. రెండోది రోజువారీ వాడకానికి ప్రభుత్వం పెట్టిన 2,136 అక్షరాల జోయో పట్టికలో లేదు. అందుకే ప్యాంటు విషయంలో ఎక్కువగా హిరగానాలో, అంటే ఉచ్చారణను రాసే లిపిలో రాస్తారు.

ఇంకొకరు: తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది క్రియారూపం దగ్గర. 'నీలం చొక్కా వేసుకున్నాడు' అనడానికి 'కిమషిత' అనేస్తారు. అది వేసుకునే పని జరిగిందనే చెబుతుంది. ఇప్పుడు ఒంటి మీద ఉందనాలంటే 'అఒఇ షత్సు ఒ కితె ఇమసు'. 'తె ఇమసు' చాలా క్రియలకు 'తున్నాడు' అయినా, ఇక్కడ అది కనబడగానే 'వేసుకుంటున్నాడు' అనుకోకండి. నిజంగా వేసుకుంటూ ఉంటే 'కితె ఇరు తొకొరొ'. పలకడంలోనూ జాగ్రత్త: 'కితె' అంటే వేసుకుని, 'కిత్తె' అంటే కోసి.

ఇతరులకు తొడిగేటప్పుడు దారి తిరగబడుతుంది. మనకు 'తొడుగు' మూలం, 'కొను' చేరితే మన ఒంటికి. వాళ్లకు కిరు అంటేనే తన ఒంటికి, ఎదుటివాళ్లకైతే కిసెరు. అలాగే కబురు, కబుసెరు.

ప్రశ్న: అయితే 'ధరించు'కి సాటి మాటే లేదా?

జవాబు: ఉంది, చకుయో సురు. హెల్మెట్, మాస్కు, సీటు బెల్టు గురించిన సూచనల బోర్డుల మీద కనిపించేది అదే. మాటల్లో సీటు బెల్టుకి షిమెరు. ఇంట్లో పిల్లాడితో చొక్కా చకుయో చెయ్యమంటే, మనం 'చొక్కా ధరించుము నాయనా' అన్నట్టే ఉంటుంది.